ప్రదర్శనశాలలో మానవ పరిణామం: మతపరమైన ఆక్షేపణల చరిత్ర

వ్యాససంగ్రహం:
మానవ పరిణామాన్ని చూపే మ్యూజియం ప్రదర్శనలపై మతవిశ్వాసాల పేరిట వెలువడిన ఆక్షేపణలు వందేళ్లుగా కొనసాగుతున్నాయి. న్యూయార్క్ (1924), వాషింగ్టన్ (1978-80), నైరోబీ (2006-08) సందర్భాలను ఈ వ్యాసం వరుసగా పరిశీలిస్తుంది. ఆక్షేపణ పిల్లల నైతికత గురించిన ఆందోళనగా మొదలై, సమాన హక్కు వాదంగా మారి, చివరకు వస్తువును ఎక్కడ ఉంచాలి, దానిపై ఏమి రాయాలి అనే బేరంగా పరిణమించిన తీరును వివరిస్తుంది. ఈ చర్చలో కీలకమైన ‘సిద్ధాంతం’, ‘పరిణామం’ అనే మాటలు తెలుగులో మోసుకొచ్చే అర్థాలను, వాటివల్ల మన దగ్గర ఈ వివాదం పొందిన వేరే రూపాన్ని కూడా చర్చిస్తుంది.

కీలకపదాలు: మానవ పరిణామం, మ్యూజియం, సృష్టివాదం, తుర్కానా బాలుడు, సిద్ధాంతం, పూర్వపక్షం, దశావతారాలు.

1. ఉపోద్ఘాతం

1885 జూన్ 9న లండన్‌లోని ప్రకృతి చరిత్ర మ్యూజియంలో ఛార్లెస్ డార్విన్ విగ్రహాన్ని ఆవిష్కరించారు. డార్విన్ మరణించి అప్పటికి మూడేళ్లు. రాయల్ సొసైటీ అధ్యక్షుడి హోదాలో టి. హెచ్. హక్స్‌లీ ఆ విగ్రహాన్ని మ్యూజియం ధర్మకర్తల ప్రతినిధిగా వచ్చిన వేల్స్ యువరాజుకు అప్పగించాడు. డార్విన్ అభిప్రాయాలకు ఆ సంస్థ అధికారిక ఆమోదముద్ర వేసిందనడానికి ఈ విగ్రహాన్ని సాక్ష్యంగా భావించవద్దని, విజ్ఞానశాస్త్రం అటువంటి ఆమోదాలను గుర్తించదని ఆయన ఆ సభలో చెప్పాడు. డార్విన్ పక్షాన అందరికంటే గట్టిగా వాదించిన వ్యక్తి ఈ మాట అనడం గమనార్హం.

హక్స్‌లీ హెచ్చరిక ఎంత సరైనదైనా, మ్యూజియానికి వచ్చే సామాన్య సందర్శకుడికి అది వర్తించడం కష్టం. రాతిమెట్ల భవనంలో, అద్దాల పెట్టెలో, దీపకాంతిలో ఉంచిన వస్తువు ఏదైనా ఆమోదం పొందిన సత్యంగానే కనబడుతుంది. పుస్తకంలోని వాదాన్ని పాఠకుడు అంగీకరించవచ్చు, నిరాకరించవచ్చు. ప్రదర్శనలోని ఎముక వాదంలా కనబడదు. ఉన్న వస్తువులా కనబడుతుంది. పరిణామ గ్రంథాలపై వచ్చిన విమర్శలకూ, పరిణామ ప్రదర్శనలపై వచ్చిన విమర్శలకూ మధ్య తేడా ఇక్కడే మొదలవుతుంది. ప్రదర్శనపై అభ్యంతరం చెప్పేవారు ఆ భావనతోపాటు, దానికి ప్రజాసంస్థ ఇచ్చిన చోటును కూడా ప్రశ్నిస్తారు.

ఇక్కడ ఒక స్పష్టత అవసరం. మతం అంతా ఒకవైపు, శాస్త్రం అంతా మరొకవైపు నిలబడిన యుద్ధంగా ఈ చరిత్రను చూడటం సరికాదు. పరిణామ పరికల్పనపై పరిశోధనను పన్నెండవ పయస్ పోప్ 1950లోనే నిషేధించలేదు. 1996లో రెండవ జాన్ పాల్ పోప్ పరిణామాన్ని కేవలం ఒక పరికల్పన స్థాయిని దాటినదిగా గుర్తించాడు. ఈ వ్యాసంలో పరిశీలించే ఆక్షేపణలు ప్రధానంగా ప్రొటెస్టంట్ క్రైస్తవంలోని మౌలికవాద, ఇవాంజెలికల్ శాఖలకు చెందినవి. వాటిని ఆ పరిధిలోనే చూడాలి.

2. న్యూయార్క్, 1924: పిల్లల మనసులు, ప్రజల సొమ్ము

న్యూయార్క్‌లోని అమెరికన్ ప్రకృతి చరిత్ర మ్యూజియానికి 1908 నుంచి 1933 వరకు అధ్యక్షుడైన హెన్రీ ఫెయిర్‌ఫీల్డ్ ఆస్‌బర్న్ 1920ల తొలి సంవత్సరాల్లో ‘మానవయుగ శాల’ను తీర్చిదిద్దాడు. జావా మానవుడు, పిల్ట్‌డౌన్ మానవుడు, నియాండర్తల్, క్రోమాన్యన్ మానవులను జె. హెచ్. మెక్‌గ్రెగర్ ఊర్ధ్వకాయ శిల్పాలుగా మలిచాడు. గోడలపై ఛార్లెస్ నైట్ ఆదిమ జీవన దృశ్యాలను చిత్రించాడు. నగరంలోని పాఠశాలల విద్యార్థులు వాటిని చూడటానికి వచ్చేవారు.

1924లో కాల్వరీ బాప్టిస్ట్ చర్చి పాస్టర్ జాన్ రోచ్ స్ట్రాటన్ ఈ శాలపై బహిరంగంగా ధ్వజమెత్తాడు. ఆయన ఆక్షేపణలో రెండు అంశాలున్నాయి. పసిపిల్లల మనసులను ఈ ప్రదర్శన కలుషితం చేస్తున్నదనేది మొదటిది. మనిషిని జంతువు సంతతిగా చూపిస్తే అతని నైతిక బాధ్యత సడలిపోతుందని ఆయన భయం. ప్రజల పన్నుల సొమ్ముతో నడిచే సంస్థ ఈ పని చేయడం అన్యాయమనేది రెండవది. మరుసటి సంవత్సరం టెన్నెసీ రాష్ట్రంలో, మానవ పరిణామాన్ని బోధించినందుకు జాన్ స్కోప్స్ అనే ఉపాధ్యాయునిపై జరిగిన ప్రసిద్ధ విచారణలోనూ ఈ రెండు అంశాలే కేంద్రమయ్యాయి.

ఆస్‌బర్న్ నాస్తికుడు కాదు. పరిణామానికీ మతానికీ పొత్తు కుదురుతుందని పుస్తకాలు రాసిన ఆస్తికుడు. అందువల్ల ఈ తగాదాను విశ్వాసికీ అవిశ్వాసికీ మధ్య జరిగినదిగా చెప్పలేము. మరి ఎవరి పక్షం నిలిచింది? మానవ జాతి జంతుజాలంతో బంధుత్వం కలదన్న మూలాంశంలో కాలం ఆస్‌బర్న్ పక్షాన నిలిచింది. కానీ ఆయన శాల చెప్పిన కథలోని అనేక వివరాలను నిలబెట్టలేదు. పిల్ట్‌డౌన్ పుర్రె బూటకమని 1953లో రుజువైంది. 1922లో ఒకే ఒక దంతం ఆధారంగా ఆస్‌బర్న్ అమెరికాలోని తొలి వానరంగా ప్రకటించిన ‘హెస్పరోపిథెకస్’, నిజానికి పందిని పోలిన పెకరీ అనే జంతువు దంతమని 1927లో తేలింది.

అంతకంటే లోతైన దోషం మరొకటి ఉంది. ఆస్‌బర్న్ సుజననవాది. శ్వేతజాతి ఆధిక్యాన్ని ప్రబోధించిన మాడిసన్ గ్రాంట్ గ్రంథానికి 1916లో ఆయన పీఠిక రాశాడు. రెండవ అంతర్జాతీయ సుజనన మహాసభ 1921లో ఇదే మ్యూజియంలో జరిగింది. ఐరోపా క్రోమాన్యన్ మానవుణ్ణి శిఖరాన నిలిపిన ఆ శాల, పరిణామాన్ని జాతుల నిచ్చెనగా చూపింది. జాతుల మధ్య మానసిక తారతమ్యాలను ఖండిస్తూ 1911లోనే గ్రంథం రాసిన ఫ్రాంజ్ బోయస్, ఒకప్పుడు ఈ మ్యూజియంలోనే పనిచేసి 1905లో వైదొలగినవాడు. ఆ శాలను అడగవలసిన ప్రశ్న బోయస్ ఆలోచనలో ఉంది. స్ట్రాటన్ మాత్రం ఎముకల ఉనికినే తప్పుపట్టాడు. వాటిని పేర్చిన వరుసను ప్రశ్నించలేదు. ఫలితంగా బహిరంగ చర్చ అంతా ‘కోతా, దేవుడా’ అన్న దగ్గరే ఆగిపోయింది. మతపరమైన ఆక్షేపణ వల్ల కలిగే నష్టాల్లో ఇది అంతగా గుర్తింపు పొందనిది: అది మ్యూజియంపై రావలసిన అసలైన విమర్శకు అడ్డు నిలుస్తుంది. ఆక్షేపకుల దాడికి గురైన సంస్థ, ఆ దాడి కారణంగానే ఆత్మపరిశీలన నుంచి తప్పించుకుంటుంది.

3. వాషింగ్టన్, 1978-80: సమాన స్థానం కోసం దావా

అర్ధ శతాబ్దం తర్వాత ఆక్షేపణ భాష మారింది. పరిణామ బోధనను నిషేధించే చట్టం చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు 1968లో తీర్పు చెప్పడంతో, నిషేధం కోరే దారి మూసుకుపోయింది. అప్పటినుంచి సృష్టివాదులు సమాన స్థానం కోరే దారి పట్టారు.

వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంస్థ తన ప్రకృతి చరిత్ర మ్యూజియంలో ఒక మానవ పరిణామ ప్రదర్శనను నడుపుతూ, పరిణామ ప్రక్రియపై మరొకదాన్ని సిద్ధం చేస్తున్నది. 1978లో డేల్ క్రౌలీ అనే మతప్రచారకుడు, మరికొన్ని సంస్థలు కలిసి దీనిపై దావా వేశారు. అమెరికా రాజ్యాంగపు మొదటి సవరణ ప్రకారం ప్రభుత్వం ఏ మతాన్నీ ప్రోత్సహించకూడదు. పరిణామాన్ని ప్రదర్శించడమంటే ‘లౌకిక మానవవాదం’ అనే మతాన్ని ప్రభుత్వ ధనంతో ప్రోత్సహించడమేనని వారు వాదించారు. ప్రదర్శనలను ఆపాలని, లేదా బైబిల్ సృష్టి వృత్తాంత ప్రదర్శనకు అంతే ధనం వెచ్చించాలని కోరారు.

దిగువ న్యాయస్థానం ఈ దావాను కొట్టివేసింది. 1980లో అప్పీలు న్యాయస్థానం ఆ తీర్పును సమర్థించింది. ప్రదర్శన ఉద్దేశం శాస్త్రీయ సమాచారాన్ని అందించడమేనని, ఒక మతవిశ్వాసంతో పొసగనంత మాత్రాన అది మతవిరుద్ధ చర్య కాబోదని, మ్యూజియానికి రావాలా వద్దా అన్నది సందర్శకుల ఇష్టమని న్యాయస్థానం భావించింది.

ఈ దావాలోని తర్కం పరిశీలించదగినది. పరిణామం మతమే అయితే, మతానికి ప్రభుత్వ మ్యూజియంలో చోటుండకూడదు కాబట్టి దానితోపాటు బైబిల్ సృష్టికి కూడా చోటుండదు. పరిణామం మతం కాకపోతే దావాకు ఆధారమే లేదు. సమాన స్థానం కోరిక ఈ రెండు పక్షాల్లో దేనితోనూ కుదరదు. అయినా న్యాయస్థానంలో ఓడిన ఆ కోరిక జనంలో గెలిచింది. ఇరుపక్షాలకూ అవకాశం ఇవ్వాలన్న మాట సహజ న్యాయంలా వినబడుతుంది. 2007లో కెంటకీ రాష్ట్రంలోని పీటర్స్‌బర్గ్‌లో ఒక ఇవాంజెలికల్ సంస్థ సొంతంగా ‘సృష్టి మ్యూజియం’ను తెరిచింది. అక్కడ మానవ బాలలు, డైనోసార్లు ఒకే దృశ్యంలో కనబడతారు. ప్రదర్శనకు ఉండే ఒప్పించే శక్తిని ఆక్షేపకులు ఎంత బాగా గ్రహించారో దీనివల్ల తెలుస్తుంది. అద్దాల పెట్టె, నేపథ్య చిత్రం, వివరణ ఫలకం అన్నీ అక్కడ ఉన్నాయి. ఆధారాలనుబట్టి కథను మార్చుకునే పద్ధతి ఒక్కటే లేదు.

4. నైరోబీ, 2006-08: తుర్కానా బాలుడి చోటు

1984లో కెన్యాలోని తుర్కానా సరస్సు పశ్చిమ తీరాన, నరియోకొటోమె వద్ద కమోయా కిమెయు ఒక చిన్న పుర్రె ముక్కను గుర్తించాడు. ఆ తర్వాతి తవ్వకాల్లో సుమారు 15 లక్షల సంవత్సరాల నాటి బాలుని అస్థిపంజరం చాలావరకు బయటపడింది. మరణించేనాటికి అతని వయస్సు ఎనిమిది నుంచి పన్నెండేళ్ల మధ్య ఉంటుందని అంచనా. హోమో ఎరెక్టస్ వర్గానికి చెందిన అంత సంపూర్ణమైన అస్థిపంజరం అంతకుముందు లభించలేదు. కిమెయు పెద్ద చదువులు చదివినవాడు కాదు. తన దేశపు నేలను కన్నార్పకుండా చూడటం నేర్చి, ప్రపంచ ప్రసిద్ధుడైన శిలాజ అన్వేషకుడయ్యాడు.

నైరోబీలోని జాతీయ మ్యూజియాన్ని ఐరోపా సమాఖ్య ఆర్థిక సహాయంతో పునర్నిర్మించడానికి 2005లో మూసివేశారు. కొత్త ప్రదర్శనలో తుర్కానా బాలునికి ప్రముఖ స్థానం ఇవ్వనున్నారన్న సమాచారంతో 2006లో కెన్యా ఇవాంజెలికల్ నాయకులు అభ్యంతరం లేవదీశారు. వారిలో బిషప్ బోనిఫేస్ అడోయో ప్రముఖుడు. ఆ ఎముకలకు అంత ప్రాధాన్యం ఇవ్వకూడదని, వెనుక గదికి తరలించాలని, పరిణామం యథార్థం కాదని, ఒక సిద్ధాంతం మాత్రమేనని తెలియజేసే సూచన ఉంచాలని వారు కోరారు. శిలాజ పరిశోధకుడు, ఆ మ్యూజియం పూర్వ అధిపతి రిచర్డ్ లీకీ దీన్ని తీవ్రంగా ఖండించాడు. మ్యూజియం తన నిర్ణయాన్ని మార్చుకోలేదు. 2008లో తిరిగి తెరిచిన మ్యూజియంలో తుర్కానా బాలుడు సందర్శకుల ముందు నిలిచాడు.

ఈ సందర్భానికి వలస చరిత్ర అనే మరొక పొర ఉంది. కెన్యాకు క్రైస్తవాన్ని తెచ్చినవారూ, శిలాజ శాస్త్రాన్ని తెచ్చినవారూ ఒకే వలసకాలపు మనుషులు. రిచర్డ్ తండ్రి లూయిస్ లీకీ 1903లో కెన్యాలోని కబెటెలో ఆంగ్లికన్ మిషనరీ దంపతులకు జన్మించాడు. మిషనరీ ఇంటి బిడ్డ శిలాజాలు తవ్వాడు. వలస పాలనలో నాటుకున్న విశ్వాసానికి స్వతంత్ర కెన్యా పౌరులు వారసులై ఆ శిలాజాలను ఆక్షేపించారు. దీన్ని ఆఫ్రికా సంప్రదాయానికీ పాశ్చాత్య విజ్ఞానానికీ మధ్య ఘర్షణగా చిత్రించడం అందువల్ల పొరపాటు. ‘మనది’ ఏది అన్న ప్రశ్నకు ఇద్దరి దగ్గరా జవాబుంది. బిషప్ దృష్టిలో మన గౌరవం దైవసృష్టి కావడంలో ఉంది. మ్యూజియం దృష్టిలో సమస్త మానవాళి పుట్టిన నేల మనదే కావడంలో ఉంది. ఆస్‌బర్న్ శాల ఐరోపాను శిఖరంగా చూపిన ఎనభై ఏళ్ల తర్వాత, నైరోబీ శాల ఆఫ్రికాను మూలస్థానంగా చూపింది. రెండు శాలల మధ్య జరిగిన ఈ దిద్దుబాటు మత ఒత్తిడి వల్ల జరిగింది కాదు. కిమెయు వంటివారు నేలలోంచి తీసిన ఆధారాల వల్ల జరిగింది.

5. ‘సిద్ధాంతం మాత్రమే’: ఒక మాట చరిత్ర

నైరోబీ ఆక్షేపణలోని ‘సిద్ధాంతం మాత్రమే’ అన్న మాట అమెరికా వివాదాల్లోనూ తరచుగా వినబడేదే. ఇంగ్లీషులో ‘థియరీ’ అనే మాటకు రెండు ప్రయోగాలున్నాయి. వ్యవహారంలో అది ఊహ. శాస్త్రంలో అది అనేక ఆధారాలను ఒక్కతాటిపైకి తెచ్చి, పరీక్షలకు నిలిచిన వివరణ. ఈ రెంటి మధ్య జారుడే ఆ ఆక్షేపణకు ఊపిరి.

తెలుగులోకి వచ్చేసరికి ఈ ఆక్షేపణ తడబడుతుంది. మన శాస్త్ర సంప్రదాయంలో ముందు పూర్వపక్షం, తర్వాత దాని ఖండన, చివర సిద్ధాంతం. సిద్ధించిన అంతమే సిద్ధాంతం. కనుక ‘సిద్ధాంతం మాత్రమే’ అనడం ‘తేలిన విషయం మాత్రమే’ అన్నట్లే ఉంటుంది. గౌతముని న్యాయసూత్రాలు చెప్పిన పదహారు పదార్థాల్లో సిద్ధాంతం ఒకటి, ఛలం మరొకటి. ఎదుటివాడు ఒక అర్థంలో వాడిన మాటను వేరొక అర్థంలో పట్టుకుని ఖండించడం ఛలం. ‘నవ’ అంటే కొత్త అనే అర్థంలో ఒకరు కంబళి గురించి చెబితే, తొమ్మిది కంబళ్లెక్కడని మరొకరు నిలదీయడం దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. ‘థియరీ’ విషయంలో జరిగింది సరిగ్గా ఇదే. అయితే ఆక్షేపకులందరూ తెలిసి ఛలానికి దిగారని అనలేము. శాస్త్రజ్ఞులు తమ మాటను ప్రజలకు విప్పి చెప్పకపోవడం కూడా దానికి కారణం.

‘పరిణామం’ అనే మాట మరొక చిక్కు తెస్తుంది. సాంఖ్య దర్శనంలో పరిణామవాదం ప్రకారం కార్యం కారణంలో ముందే ఉంటుంది. పాలలో ఉన్నదే పెరుగవుతుంది. డార్విన్ చెప్పిన మార్పులో ముందే నిర్ణయమైన గమ్యం లేదు. పరిసరాలకు తగినవి నిలుస్తాయి, తగనివి నశిస్తాయి. ‘పరిణతి’ అన్న ధ్వని వెంటనంటి రావడంతో, తెలుగు పాఠకుడికి పరిణామం అంటే అభివృద్ధి క్రమమని, మనిషి దాని చివరి మెట్టని అనిపించే అవకాశం ఉంది. ఆస్‌బర్న్ నిచ్చెన మన భాషలో ఈ దారిన మళ్లీ ప్రవేశిస్తుంది.

6. మన సందర్భం: నిరాకరణ, విలీనం

భారతదేశంలో ఈ ఆక్షేపణ మ్యూజియం గుమ్మం వద్ద కంటే వేదికలపైన, పాఠ్యపుస్తకాలలో ఎక్కువగా కనబడింది. 2018 జనవరిలో ఒక కేంద్ర సహాయమంత్రి డార్విన్ సిద్ధాంతం తప్పని ప్రకటించగా, దేశంలోని మూడు శాస్త్ర అకాడమీలు ఉమ్మడిగా ఖండించాయి. 2023లో జాతీయ పదవ తరగతి విజ్ఞానశాస్త్ర పుస్తకం నుంచి పరిణామ భాగాన్ని తొలగించినప్పుడు 1800కు పైగా శాస్త్రవేత్తలు, అధ్యాపకులు నిరసన లేఖపై సంతకం చేశారు.

నిరాకరణతోపాటు మన దగ్గర విలీనం అనే ధోరణి కూడా ఉంది. 2019 జనవరిలో జలంధర్‌లో జరిగిన భారత సైన్స్ కాంగ్రెస్ సభల్లో, డార్విన్ సిద్ధాంతం కంటే దశావతారాలే మెరుగైన వివరణ అని అప్పటి ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతి అన్నారు. మత్స్య, కూర్మ, వరాహాల వరుసను జీవపరిణామ క్రమంతో పోల్చడం పందొమ్మిదవ శతాబ్దం నుంచీ ఉన్నదే. ఈ పోలిక మర్యాదగా కనబడుతుంది, ఎవరినీ నొప్పించదు. కానీ ఇందులో రెండువైపులా నష్టం ఉంది. మత్స్యం నుంచి కూర్మం పుట్టలేదు. ప్రతి అవతారమూ ఒకే విష్ణువు ఒక్కొక్క అవసరానికి దిగిరావడం. అవతరణం అంటేనే దిగడం. వంశానుగత సంబంధం లేనిచోట పరిణామం లేదు. ఇటు పురాణం కూడా తన భక్త్యర్థాన్ని కోల్పోయి, జీవశాస్త్రానికి ముందస్తు నోట్సులా మిగులుతుంది. సాహిత్య విద్యార్థులకు ఈ రెండవ నష్టం మొదటిదానికంటే తక్కువది కాదు.

తెలుగు నేలకు ఈ చర్చతో ప్రత్యక్ష సంబంధమూ ఉంది. ఇప్పటి నంద్యాల జిల్లాలోని జ్వాలాపురంలో, సుమారు 74,000 సంవత్సరాల క్రితం సుమత్రాలో పేలిన టోబా అగ్నిపర్వతపు బూడిద పొరకు కిందా, పైనా రాతి పనిముట్లు లభించాయని 2007లో పరిశోధకులు ప్రకటించారు. బూడిద కింది పొరలో మనిషి ఎముక దొరకలేదు కనుక, ఆ పనిముట్లు ఆధునిక మానవులవా కావా అన్నదానిపై భిన్నాభిప్రాయాలున్నాయి. ఆ పనిముట్ల పక్కన తెలుగులో ఒక ఫలకం రాయవలసివస్తే, తేలినదేదో, తేలవలసినదేదో విడివిడిగా చెప్పగల వాక్యం కావాలి. ఆ వాక్యం రాయడం తెలుగు శాఖలవారి పని కూడా.

7. ముగింపు

2010లో స్మిత్సోనియన్ తెరిచిన కొత్త మానవ మూలాల శాల, మనిషి కావడమంటే ఏమిటి అన్న ప్రశ్నను తన శీర్షికగా పెట్టుకుంది. పుర్రెల నకళ్లను, వాటి ఆధారాలను సందర్శకుల ముందుంచింది. వివిధ మతాలవారితో కూడిన ఒక సలహా సంఘాన్ని ఏర్పరచి వారితో సంభాషించింది. శాస్త్ర విషయంలో మాత్రం రాజీపడలేదు. పూర్వపక్షాన్ని గౌరవంగా విని, సిద్ధాంతాన్ని సిద్ధాంతంగానే చెప్పడమంటే ఇదే. పై పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. వందేళ్లలో ఆక్షేపణ రూపం మారింది. నైతిక భయం, సమాన హక్కు, స్థానం-ఫలకం అనేవి దాని మూడు దశలు. ప్రజాసంస్థ ఇచ్చే గుర్తింపు ఎవరిదన్న ప్రశ్న మాత్రం మూడింటిలోనూ ఒకటే.

2. ప్రదర్శనలలోని నిజమైన తప్పులను, ముఖ్యంగా జాతి ఆధిక్య భావనను, మతపరమైన ఆక్షేపణలు సరిచేయలేదు. వాటిని కొత్త ఆధారాలు, శాస్త్రంలోపలి విమర్శ సరిచేశాయి.

3. ‘సిద్ధాంతం’, ‘పరిణామం’ అనే మాటల దర్శనశాస్త్ర నేపథ్యాన్ని గమనించకుండా తెలుగులో ఈ విషయాన్ని బోధిస్తే అపార్థాలు తప్పవు.

4. పురాణాన్నీ జీవశాస్త్రాన్నీ ఒకటిగా కలపడం ఆక్షేపణ కంటే మృదువుగా కనబడినా, రెంటి అర్థాన్నీ చెరుపుతుంది.

తుర్కానా బాలుడు వెనుక గదికి వెళ్లి ఉంటే శాస్త్రగ్రంథాలలో ఒక్క వాక్యమూ మారేది కాదు. నైరోబీ బడిపిల్లలకు మాత్రం తమ నేలలో దొరికిన తమ పూర్వబంధువును చూసే అవకాశం పోయేది. ఈ వివాదాలన్నిటిలో పణంగా ఉన్నది ఆ అవకాశమే.